కుడి పక్క గడిలో పిల్లలు

మా కాలేజీలో చేరే ప్రతి బ్యాచ్‌నీ మొదటి రోజు నేను ఒకటే ప్రశ్న అడుగుతాను: టీచర్ ఎందుకు కావాలనుకున్నారు? నోటితో చెప్పమంటే సిగ్గుపడతారని చిట్టీల మీద రాయిస్తాను. జనగామలో ఒక బీఎడ్ కాలేజీలో లెక్కలు ఎలా చెప్పాలో చెప్పడం నా పని. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఇన్నేళ్లలో చదివిన చిట్టీలన్నీ పోగేస్తే ఒక బస్తా నిండుతుంది, అందులో ముప్పాతిక అబద్ధాలే. "సమాజ సేవ కోసం." "మా చిన్ననాటి గురువుగారి స్ఫూర్తితో." ఆ గురువుగారి పేరేమిటమ్మా అని అడిగితే నీళ్లు నములుతారు.

అయినా అడగడం మానను. అది నా జబ్బు. బస్సులో పక్క సీటావిడ ఏ ఊరు పోతోందో, ఎవరింటికి పోతోందో తెలుసుకోనిదే నాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. "శారదా, నువ్వు పోలీసులల్ల చేరాల్సినదానివి, దారి తప్పి గిటొచ్చినవ్" అంటాడు మా ఆయన. అననీ.

నిజాలు చిట్టీల్లో దొరకవు, టీ బండి దగ్గర దొరుకుతాయి. నిఖిల్ అనే పిల్లాడు ఇంజినీరింగ్ పూర్తిచేసి, హైదరాబాద్‌లో రెండేళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి, "ఇగ ఏం జెయ్యాలె మేడం, ఏదన్న ఒక నౌకరొచ్చే చదువు చదువురా అన్నడు బాపు" అని వచ్చాడు. భూపాలపల్లి నుంచి వచ్చిన కవిత వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేస్తాడు. ఇంట్లో ఒక్కరైనా పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగం చేయాలని ఆయన పట్టు. గార్ల అవతలి తండా నుంచి వచ్చిన గోపాల్‌ది మరో లెక్క. వాళ్ల తండా బడికి పంతులు వారానికి ఒక్కరోజే వచ్చేవాడట. "నేనైతే రెండు రోజులన్న పోత గద మేడం" అన్నాడు, నవ్వకుండా. నాకు మాత్రం నవ్వాగలేదు.

ఇక్కడికే ఎందుకొచ్చారంటే దానికీ ఎవరి కారణం వాళ్లది. మహబూబాబాద్ వైపు వాళ్లకు రైలు ఉంది. నర్మెట్ట వాళ్లకు బస్సు ఉంది. భూపాలపల్లి కవితకు ఇక్కడ చిన్నమ్మ ఉంది. కాలేజీ మంచిదని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. ఈ మాట మా ప్రిన్సిపాల్ దగ్గర అనకండి.

ఆ బ్యాచ్ చిట్టీల్లో ఒకటి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ముత్యాల్లాంటి రాత. రెండే మాటలు: "చూడాలని ఉంది." కింద పేరు ముత్తయ్య.

తలెత్తి చూస్తే చివరి బెంచీలో కళ్లద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి. నలభై మూడేళ్లు. మా గేటుకు ఎదురు సందులో జిరాక్స్ సెంటరు నడిపే ముత్తయ్య! నేను ఎన్నోసార్లు ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకున్నది అతని దగ్గరే. ఇప్పుడు దుకాణం భార్య రాజీకి అప్పజెప్పి, రోడ్డు దాటి వచ్చి నా క్లాసులో కూర్చున్నాడు.

"ఏం చూడాలని ముత్తయ్యా?" అని అడిగాను.

"అది జరంత పొడుగు ముచ్చట మేడం" అన్నాడు.

నాలాంటిదానితో అనాల్సిన మాటేనా అది! రోజూ అడిగాను. రోజూ నవ్వి ఊరుకున్నాడు. పైగా ఇంకో చిత్రం. మిగతా పిల్లలు అతణ్ని చూస్తే గురువును చూసినట్టు లేచి నిలబడేవాళ్లు. "ముత్తన్నా, నాది ఎప్పటికైతది?" అని గుసగుసలు. నేను గదిలోకి రాగానే చప్పుడు బంద్. రికార్డులు ఇవ్వాల్సిన గడువు రోజున అందరి రికార్డులూ అట్టలేసుకుని నా టేబుల్ మీదికి వచ్చాయి. ముత్తయ్యది ఒక్కటే రాలేదు.

రికార్డంటే ఏమిటో చెప్పాలి. బీఎడ్ చదివేవాళ్లు బడికి పోయి పాఠం చెప్పే ముందు ఆ పాఠాన్ని ఒక పుస్తకంలో రాసుకోవాలి. పేజీ మధ్యలో గీత. ఎడమ పక్క గడిలో టీచరు ఏం అడుగుతారో రాయాలి. కుడి పక్క గడిలో పిల్లలు ఏం జవాబు చెబుతారో రాయాలి. అవును, మీరు సరిగ్గానే చదివారు. పిల్లల్ని చూడకముందే, బడి గేటు దాటకముందే, వాళ్ల జవాబులు రాసి నాలాంటి వాళ్ల సంతకం తీసుకోవాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను చదివినప్పుడూ ఇంతే, నాకు చెప్పినవాళ్లు చదివినప్పుడూ ఇంతే. ఇందులో వింత ఉందని నాకెప్పుడూ తోచలేదు.

నర్మెట్ట పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో ముత్తయ్య మొదటి పాఠం. రికార్డు ఆ పొద్దునే రాసి తెచ్చి సంతకం చేయించుకున్నాడు. ఏడో తరగతి, లాభనష్టాలు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముత్తయ్య నల్లబల్ల మీద తేదీ వేశాడు, తిరిగి నిలబడ్డాడు, అడిగాడు: "పిల్లలూ, మీలో ఎంతమంది సంతకు పోయిండ్రు?"

అతని పుస్తకంలో కుడి పక్క "మేము పోయాము సార్ అని అందరూ చేతులెత్తుతారు" అని ఉంది. ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు బెంచీ పిల్లాడొకడు లేచి, "సార్, మీరు రోజొస్తరా, గీ ఒక్కరోజేనా?" అని అడిగాడు.

ముత్తయ్య బిత్తరపోయాడు. పుస్తకంలోకి చూశాడు. అక్కడ ఆ ప్రశ్న లేదు కదా! మళ్లీ "సంతకు పోయిండ్రా?" అన్నాడు. మళ్లీ నిశ్శబ్దం. మూడోసారి అడిగాడు. చివరికి ప్రశ్నా తనే చదివి, జవాబూ తనే చదివి, "శభాష్, కూసో" అని కూడా తనే అనుకున్నాడు. క్లాసు గొల్లున నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

వరండాలోకి రాగానే ఎడాపెడా వాయించాను. "నలభై మూడేళ్లొచ్చినయ్, నోట్లె నాలుక లేదా ముత్తయ్యా? పుస్తకం చూసి చదువుడు పాఠం జెప్పుడా?"

తల దించుకుంటాడనుకున్నాను. అతని మొహం వెలిగిపోతోంది! "ఇన్నరా మేడం? రోజొస్తరా అని అడిగిండు! పన్నెండేండ్ల సంది రాస్తున్న, నా పిల్లగాండ్లల్ల ఒక్కడు గట్ల అడుగలే."

"నీ పిల్లగాండ్లేంది?"

నాలుక కరుచుకున్నాడు. కాని నేను వదిలే రకమా? వరండా గట్టు మీద కూర్చోబెట్టి కక్కించాను. జిరాక్స్ దుకాణం పేరుకే. పన్నెండేళ్లుగా అతని అసలు పని రికార్డులు రాయడం. మా కాలేజీ వాళ్లకే కాదు, రైలు మార్గం పొడుగునా ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలకో రాసిపెట్టాడు. లెక్కలు, సైన్సు, సోషల్, తెలుగు, ఏదైనా సరే.

"ఎడమ పక్క పుస్తకాల్ల దొరుకుతది మేడం. కుడి పక్క నేనే అల్లాలె. నేనల్లిన పిల్లలు మస్తు మంచోళ్లు. అడుగంగనే లేస్తరు, సక్కగ చెప్తరు, కూసుంటరు. ఒక్కడు తప్పు జెప్పడు, ఒక్కడు నీళ్లకు పోత అనడు. పన్నెండేండ్లు గిదే. నిజం పిల్లలు ఏమంటరో ఒక్కపారి చూడాలె అనిపించింది. బీఎడ్ సీటు లేకుంటే క్లాసులకు ఎవడు రానిస్తడు? గందుకే పరీక్ష రాసి చేరిన."

నాకు దొరికింది. ఇరవై రెండేళ్లలో చిట్టీల్లో నేను పూర్తిగా నమ్మిన మొదటి కారణం అదే. సంతోషపడాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

"అంటే నేను దిద్దిన రికార్డులన్ని నువ్వు రాసినయేనా?"

"అన్ని గాదు మేడం. సగం."

"నాకు తెల్వకపాయె!"

"ఐదు తీర్ల రాత వస్తది నాకు."

ఎవరో రాసిపెడుతున్నారని నాకు తెలియదా? తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరని అడగలేదు. ఎవరెక్కడికి పోతున్నారో అందరినీ అడిగే నేను ఇది మాత్రం అడగలేదు.

ముత్తయ్య, "మేడం, ఒకటి అడుగుత, కోపం జెయ్యద్దు. కుడి పక్క ఎన్నడన్న చదివిండ్రా?" అన్నాడు.

"చదువకుంటనే సంతకం పెడ్తనా?"

అతను తల గోక్కున్నాడు. "ఏడెనిమిదేండ్ల కింద ఒకపారి రాసి రాసి యాష్టకొచ్చింది. త్రిభుజంల మూడు కోణాలు కలిపితే ఎంత అన్నదానికి, కుడి పక్క 'మా బర్రె ఈనింది సార్' అని రాసిన. మరిపెడ నుంచి వచ్చే శ్రీలత రికార్డు. ఆ పిల్లకు గూడ తెల్వది పాపం. ఎవరన్న పట్టుకుంటరేమో చూద్దామని..."

"పట్టుకోలేదా?"

ముత్తయ్య నా చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నమే కాలేజీ స్టోర్‌రూమ్ తాళం తీయించాను. దుమ్ములో తుమ్ముతూ, చీరంతా బూజు చేసుకుంటూ గంటసేపు వెతికితే శ్రీలత రికార్డు దొరికింది. త్రిభుజాల పాఠం. కుడి పక్క గడి. మా బర్రె ఈనింది సార్. దాని మీద ఎర్ర ఇంకుతో పొడుగాటి టిక్కు. పేజీ కింద "చాలా బాగుంది" అని నా రాత, నా సంతకం.

అక్కడే బస్తా మీద కూలబడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎంతమంది పిల్లల్ని "శ్రద్ధ లేదు" అని తిట్టానో ఆ రోజు లెక్క గుర్తొచ్చింది. ఇంటికి పోయి మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ మొదటి పాఠం తర్వాత ముత్తయ్య పరాయి రికార్డులు రాయడం మానేశాడు. కాలేజీ పిల్లలు అలిగారు, బతిమాలారు. నేను జిరాక్స్‌కు పోతే రాజీ నా మీద పడింది. "మంచిగున్న గిరాకిని ముంచిండు మేడం! ఒక్కదాన్ని దుకాణం జూస్కోవాలె, ఇల్లు జూస్కోవాలె. రెండేండ్లు ఓర్సుకుంట అన్న. ఫేలైతే మల్ల పోత అంటే మాత్రం నేనొప్ప." రాజీ మాటే కాదు, వయసు కూడా గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి పాసైతేనే టీచర్ ఉద్యోగ పరీక్షకు వయసు సరిపోతుంది. ఒక్క ఏడు తప్పితే ఇక జిరాక్స్ మిషనే.

ఇప్పుడు అతనికి ఉద్యోగం కావాలి. చూద్దామని వచ్చినవాడికి పిల్లల రుచి తగిలింది. రోజూ ఒక కొత్త జవాబు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. "మేడం, సున్న కంటే చిన్న అంకె ఏంది అంటే 'సగం సున్న' అన్నది ఒక పిల్ల!" తన రికార్డులో కుడి పక్క ఖాళీగా ఉంచి బడికి పోయేవాడు. పిల్లలు అన్నది అన్నట్టు, క్లాసు అయ్యాక రాసుకునేవాడు. అది పద్ధతి కాదని నేను గొణుగుతూనే సంతకాలు పెట్టాను, ఈసారి చదివి పెట్టాను. "ఫైనల్‌ల మాత్రం గీ వేషాలొద్దు. ముందుగాల్నే నింపుకొని రా" అని వంద సార్లు చెప్పాను. "గట్లనే మేడం" అన్నాడు, వంద సార్లూ.

అదే బడిలో ఫైనల్ పాఠానికి వేరే జిల్లా నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న లెక్కల ఆయన, ఇస్త్రీ నలగని చొక్కా. మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. హెడ్‌మాస్టర్ గదిలో కూర్చుని ముత్తయ్య రికార్డు తెరిచారు. కుడి పక్క తెల్లగా ఉంది.

"ఇదేందయ్యా?"

ఆయన చెడ్డవాడు కాదు, పాపం. "పావుగంట టైమిస్తున్న. నింపుకొని రా" అన్నారు. పావుగంట! ఐదు నిమిషాల పని అతనికి, ఐదు రాతల్లో ఏ రాతతోనైనా. నేను కళ్లతో సైగ చేశాను, రాయి, రాసి చావు అని. ముత్తయ్య పెన్ను తీశాడు. కాగితం మీద పెట్టాడు. తీసేశాడు.

"పిల్లలు ఇంక ఏం చెప్పలేగద సార్. చెప్పినంక రాస్త."

ఇంత మొండితనమా! అక్కడే నెత్తి మీద ఒకటి మొట్టాలనిపించింది. ఎక్స్‌టర్నల్ మొహం గంటు పెట్టుకుని, "సరే. పాఠం నీ ఇష్టం, మార్కులు నా ఇష్టం" అని లేచారు.

ఎనిమిదో తరగతి. పనీ కాలం లెక్కలు. ముత్తయ్య నల్లబల్ల మీద రాశాడు: నలుగురు కూలీలు ఒక చేనులో పత్తి ఏరడానికి ఆరు రోజులు పడుతుంది. పన్నెండు మంది ఏరితే ఎన్ని రోజులు?

ఒక పిల్లాడు "పద్దెనిమిది" అన్నాడు. ముత్తయ్య కొట్టిపారేయలేదు. ఎందుకన్నావని అడిగాడు. మనుషులు మూడింతలైతే రోజులూ మూడింతలు కావాలి కదా అన్నాడు వాడు. "అయితే ఊరు ఊరంత పోతే ఏండ్లు పడ్తది గావచ్చు" అని ఇంకో పిల్ల దెప్పింది. నవ్వులు. వాదులాట. వాళ్లలో వాళ్లే కొట్లాడుకుని రెండు రోజుల దగ్గరికి వచ్చారు. ముత్తయ్య ఒక చేత్తో సుద్దముక్క, ఒక చేత్తో పెన్ను పట్టుకుని అన్నీ రికార్డులో రాసుకుంటున్నాడు. అంతలో కిటికీ పక్కన కూర్చున్న ఉమ అనే తండా పిల్ల, "ఆరు దినాలే సార్" అంది.

ముత్తయ్య అదీ రాసుకున్నాడు. ఎందుకని అడగబోయాడు. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని బయటికి ఉరికారు.

హెడ్‌మాస్టర్ గదిలో ఎక్స్‌టర్నల్ వేళ్లు మడిచారు. పాఠం పూర్తి కాలేదు. ఇంటిపని ఇవ్వలేదు. రికార్డు ముందుగా రాయలేదు. "రాసినవి చూడుండ్రి మేడం. పద్దెనిమిది రోజులట, ఆరు రోజులట. ఇది రికార్డా, చిత్తు పుస్తకమా? పాస్ చేస్తే రేపు నన్నడుగుతరు." పెన్ను మూత తీశారు. ముత్తయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. ఆ రోజు వచ్చిన కోపం మాత్రం నా మీద నాకే. "సార్, ఒక్క నిమిషం. ఇరవై రెండేండ్లల్ల గీయన రికార్డు తప్ప నేను కుడి పక్క ఒక్క గడి చదువలే. మీరు చదివిండ్రా?" అన్నాను.

"మేడం, మాట జాగ్రత్త."

"త్రిభుజం కోణాలెంత అంటే మా బర్రె ఈనింది సార్ అని ఉంటే, చాలా బాగుందని సంతకం పెట్టినదాన్ని నేను. ఫేల్ చేస్తే ముందు నన్ను చెయ్యుండ్రి. గీ మనిషి ఒక్కడే పిల్లలు నిజంగ ఏమన్నరో రాసిండు."

"బర్రె ఈనిందా?" అన్నారు ఎక్స్‌టర్నల్ చిన్నగా. "బర్రెనే" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. రికార్డు దగ్గరికి లాక్కుని కుడి పక్క చదవడం మొదలుపెట్టారు. పై నుంచి కింది దాకా, వేలు పెట్టి. పద్దెనిమిది దగ్గర ఆగి తల ఊపారు. చివరి వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"పద్దెనిమిది ఎందుకన్నడో తెలిసింది. గీ ఆరెందుకు?"

"నాకు తెల్వది సార్" అన్నాడు ముత్తయ్య. "అడిగేటాల్లకు గంట గొట్టిండ్రు."

ఆయన గడియారం చూసుకున్నారు. రికార్డు చంకలో పెట్టుకుని లేచారు. "ఆ పిల్లేది?"

ఉమ వంటగది పక్కన నీడలో పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ముగ్గురు పెద్దవాళ్లు మీదికి వచ్చేసరికి భయపడి లేవబోయింది. ముత్తయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "తిను బిడ్డా. పన్నెండు మంది ఏరినా ఆరు దినాలే అన్నవ్ గద. ఎందుకు?"

ఆ పిల్ల మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "మీరెన్నడు పత్తి ఏరలేదా సార్?"

"లేదు బిడ్డా."

"కాయలన్ని ఒక్కనాడే పలుగయ్ సార్. ఇయ్యాల పలిగినయి ఇయ్యాల ఏరుతం. రేపటియి రేపు పలుగుతయ్. నలుగురు పోయినా గంతే, పన్నెండు మంది పోయినా గంతే. పని లేక గట్టు మీద కూసుంటరు." అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఎక్స్‌టర్నల్ వైపు తిరిగింది. "మంది ఎక్కువొచ్చిండ్రని కాయ జల్ది పలుగుతదా సార్?"

"ముప్పై ఏండ్ల సంది చెప్తున్న గీ లెక్క" అన్నారు ఎక్స్‌టర్నల్, ఎవరితోనో తెలియదు. వంటగది గోడకు రికార్డు ఆనించి మార్కు వేసి సంతకం పెట్టారు. నేను ఊరుకోగలనా? ఆయన భుజం మీదుగా తొంగిచూశాను. పాసు. మామూలు పాసు కాదు, బ్యాచ్‌లో పై మార్కు.

"ముత్తయ్యా!" అని పిలిచాను.

అతను ఇటు చూడలేదు. రాయడానికి కాగితం లేక పెన్ను తీసి అరచేతిలో రాసుకుంటున్నాడు. "జర మెల్లగ చెప్పు బిడ్డా. ఇయ్యాల పలిగినయి ఇయ్యాల... తర్వాత ఏమన్నవ్?"